విస్తరి ఎవరెత్తాలి?

హోసూరులో మా ఇంట తిన్నవారే తమ విస్తరి ఎత్తాలి. అత్తవారింట మాత్రం పిలిచినవారే ఎత్తుతారు. కొత్తల్లుడిగా నేను ఎత్తబోతే మా అత్తగారు చిన్నబుచ్చుకున్నారు.

తర్వాత 32 బిట్ విండోస్‌లోనూ అదే పొరపాటు చేశాను. సి భాషలోని క్యూసార్ట్, రెండింటిని పోల్చడానికి మనమిచ్చిన ఫంక్షన్‌ను పిలుస్తుంది. పిలిచినప్పుడు స్టాక్‌లో పెట్టిన విలువలను తానే తీసేస్తుంది. ఇది సిడెకల్ పద్ధతి. నేనిచ్చింది స్టడ్‌కాల్, అందులో పిలుపందుకున్నదే తీసేయాలి. కంపైలర్ కాదంటే, రకం మార్చి చూపి దాని నోరు మూయించాను. ఇద్దరూ తీశారు. పిలిచినప్పుడల్లా 8 బైట్లు ఎక్కువ పోయి, ప్రోగ్రాం ఆగిపోయింది. రెండు రాత్రులు వెతికాను.

ఆ మర్యాద ఫంక్షన్ రకంలోనే రాసి ఉంది, నేనే లెక్కచేయలేదు. అత్తవారింట ఎక్కడా రాసి లేదు. ఒక్కమాట అడిగి ఉండాల్సింది.