కొవ్వలి అమ్మాయి... ఊటీ కొండల పాట

తాడేపల్లిగూడెంలో పాసింజరెక్కి కిటికీ పక్కన కూర్చుంటే కైకరం, పూళ్ల, భీమడోలు దాటాక దెందులూరు, ఆ తర్వాత ఏలూరు. అక్కణ్నుంచి కొల్లేరు వైపు వెళ్లేకొద్దీ వరిచేలు తగ్గి చేపల చెరువులు పెరుగుతాయి. చూడ్డానికొచ్చినవాళ్లు ఆటపాకలో గూడబాతుల్ని చూసి, కొల్లేటికోట పెద్దింట్లమ్మకు దండం పెట్టుకుని వెనుదిరుగుతారు. దెందులూరు మండలంలోని కొవ్వలి పేరు మాత్రం సినిమా పిచ్చి ఉన్నవాళ్లకే గుర్తొస్తుంది.

1960 డిసెంబరు 2న వడ్లపట్ల విజయలక్ష్మి పుట్టింది ఆ ఊళ్లోనే. చదువు నాలుగో తరగతితో సరి. చిన్న వయసులోనే పెళ్లి, నిలవని కాపురం. మద్రాసు చేరి నటీమణులకు టచప్ చేసింది. 1980లో 'వండిచక్కరం' అనే తమిళ చిత్రంలో ఆమె వేసిన పాత్ర పేరు సిల్క్. ఆ పేరే ఆమెకు అతుక్కుపోయింది... సిల్క్ స్మిత!

రెండేళ్లకు బాలు మహేంద్ర 'మూండ్రాం పిఱై' వచ్చింది. తెలుగులో 'వసంత కోకిల'. అందులో కమల్‌హాసన్‌తో ఆమె ఆడిన 'పొన్‌మేని ఉరుగుదే' పాట ఇళయరాజా బాణీకి ఆయన తమ్ముడు గంగై అమరన్ రాసింది. బంగారు మేను కరిగిపోతోందని దాని అర్థం. వినగానే మామూలు శృంగార గీతమే అనిపిస్తుంది. కథలో చూస్తే వేరు. ఆమె బడి హెడ్మాస్టరు భార్య. ఆయన ముసలివాడు. ఆమె మనసుపడింది ఆ బళ్లో కుర్ర పంతులు మీద. అతనికేమో ఆ ధ్యాసే లేదు. ఊటీ కొండల్లో ఆ చిందులన్నీ ఆమె ఊహే! ఈడూజోడూ కుదరని ఇల్లాలి గోడును ఐటమ్ పాటగా చూసి ఈలలేసినవాళ్లే ఎక్కువ. 1983లో హిందీ 'సద్మా'లోనూ ఆ పాత్ర స్మితదే.

ఇంకో విశేషం. ఆ తమిళ పాట పాడిన ఎస్.జానకిదీ డెల్టా నేలే. రేపల్లె దగ్గరి పల్లపట్ల. గోదావరి కాల్వల పిల్ల నటిస్తే, కృష్ణా కాల్వల పిల్ల గొంతిచ్చిందన్నమాట. తమిళులు ఇద్దర్నీ తమవాళ్లనే అనుకున్నారు.

1981లో భారతీరాజా 'సీతాకోకచిలుక'లో చీర కట్టుకుని ఇల్లాలిగా చేసి మెప్పించినా అలాంటి వేషాలు ఆమెకు అరుదుగానే దక్కాయి. 1996 సెప్టెంబరు 23న మద్రాసులో చనిపోయేనాటికి ఆమెకు ముప్ఫై ఐదేళ్లు.