ఒక్క పాటలో అయిపోయే ఆట కాదు

దోహాలో మేముండే పేట పేరు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్. అరబ్బీలో అల్ మతార్ అల్ ఖదీమ్. మెట్రో స్టేషన్ బోర్డు మీదా అదే పేరు. పక్కనున్న విమానాశ్రయంలో పగలనక రాత్రనక విమానాలు దిగుతున్న రోజుల్లో కూడా దీన్ని పాత ఎయిర్‌పోర్టు అనే అనేవాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు "ఇది పాతదైతే మరి నేను దిగింది ఏదండీ?" అని తికమకపడేవారు. 2014లో హమద్ విమానాశ్రయం తెరిచాక గానీ ఆ పేరుకి న్యాయం జరగలేదు. తీరా 2022లో ప్రపంచకప్ జనం కోసం పాత టెర్మినల్‌నే మళ్ళీ తెరిచారు! పాతదని దేన్నీ తీసిపారెయ్యకూడదని మా పేటకి బాగా తెలుసు.

ఇక్కడ ఒక్కో విల్లాని భాగాలు చేసుకుని నాలుగైదు కుటుంబాలు అద్దెకుంటాయి. సందు సందుకీ మలయాళీ హోటళ్ళు, కటింగ్ షాపులు. కారు దిగకుండానే హారన్ కొట్టి కరక్ చాయ్ తెప్పించుకునే జనం. శుక్రవారం పొద్దున ఖాళీ జాగా కనిపిస్తే చాలు, మనవాళ్ళ క్రికెట్టు. మరి ఫుట్‌బాల్ మాటేమిటంటారా? పేటకి ఓ దిక్కున సముద్రం ఒడ్డున స్టేడియం 974 ఉంది. షిప్పింగ్ కంటైనర్లతో కట్టారు. కంటైనర్ల లెక్కా 974, ఖతార్ ఫోన్ కోడూ 974. మరో దిక్కున అల్ తుమామా స్టేడియం. ఇక్కడి మగవాళ్ళు, మగపిల్లలు పెట్టుకునే గాఫియా టోపీ ఆకారంలో ఇబ్రహీం జైదా అనే ఖతారీ ఆర్కిటెక్టు దానికి రూపం ఇచ్చారు.

ఇంత ఫుట్‌బాల్ మధ్య కాపురముంటూ నేను అభిమానించేది మాత్రం భారత జట్టుని. నవ్వకండి! ఏలినాటి శని అయినా ఏడున్నరేళ్ళకి వదులుతుంది. ఇది వదలదు.

రెండుసార్లు మూడేసి

2011 జనవరిలో ఆసియా కప్ దోహాలోనే జరిగింది. 1984 తర్వాత మనవాళ్ళు ఆ పోటీకి రావడం అదే. ఆస్ట్రేలియా చేతిలో 0-4, బహ్రెయిన్ చేతిలో 2-5, దక్షిణ కొరియా చేతిలో 1-4. మూడాటలూ పోయినా, మూడు గోల్స్ కొట్టాం కదా అని సంతోషపడుతూ ఇంటికొచ్చాం.

2019 సెప్టెంబరు 10న అల్ సద్ క్లబ్బు స్టేడియంలో అప్పటి ఆసియా చాంపియన్ ఖతార్‌ని 0-0తో నిలువరించారు. ఆ రాత్రి గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధూ ఒక గోడే అనుకోండి. డ్రా అయిన ఆటకి స్వీట్లు పంచుకున్న జనాన్ని నేను మొదటిసారి చూసింది అక్కడే.

ఆ తర్వాత వచ్చింది 2024. జనవరిలో ఆసియా కప్ మళ్ళీ దోహాకి వచ్చింది. మా స్టేషన్‌లో రెడ్ లైన్ ఎక్కి, ముషైరిబ్‌లో గ్రీన్ లైన్‌కి మారి, పిల్లల బుగ్గల మీద మూడు రంగులు పూయించి అహ్మద్ బిన్ అలీ స్టేడియానికి వెళ్ళాం. ఆస్ట్రేలియాని మొదటి సగమంతా 0-0తో ఆపారు. చివరికి 0-2. ఉజ్బెకిస్తాన్ చేతిలో 0-3. సగం రోజు సెలవు పెట్టి అల్ బైత్ దాకా వెళితే, సిరియా చేతిలో 0-1. ఈసారి మూడు ఆటల్లో ఒక్క గోలూ లేదు.

ఆ ఏడాది లెక్క మొత్తం చెప్పేస్తాను. ఆటలు 11. గెలుపులు 0. డ్రాలు 5. ఓటములు 6. మనం కొట్టిన గోల్స్ 4. సెప్టెంబరులో మన హైదరాబాదు గచ్చిబౌలిలోనే మారిషస్‌తో 0-0, సిరియాతో 0-3. నవంబరులో అదే మైదానంలో మలేసియాతో 1-1. సొంతూరైనా కలిసిరాలేదు. నా వృత్తిలో ఇలాంటి ఫలితాలొస్తే మర్నాటికల్లా మీటింగు పెట్టి, మూలకారణం వెతికి, వారంలో ప్యాచ్ వేస్తారు. ఫుట్‌బాల్‌కి ప్యాచ్ లేదు.

సినిమా చూసిన వారం

అదే ఏడాది ఏప్రిల్‌లో హిందీలో 'మైదాన్' సినిమా విడుదలైంది. అజయ్ దేవ్‌గణ్ చేసింది మన హైదరాబాదీ పాత్ర, భారత జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. జూన్‌లో ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని చూశాం. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో మనవాళ్ళు దక్షిణ కొరియాని ఓడిస్తుంటే మా అబ్బాయి సోఫా ఎక్కి గెంతాడు. వాడికి పన్నెండేళ్ళు. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే.

ఆ ఉత్సాహం చల్లారక ముందే జూన్ 11 వచ్చింది. ప్రపంచకప్ అర్హత పోటీలో ఖతార్‌తో ఆఖరి ఆట, దోహాలోనే. 37వ నిమిషంలో ఛాంగ్‌తే గోల్ కొట్టాడు. 73వ నిమిషం దాకా మనదే ఆధిక్యం. అప్పుడు గోల్ లైను దాటి బయటికి పోయినట్టు రీప్లేలో కనిపించిన బంతిని వెనక్కి లాగి ఖతార్ గోల్ చేసింది. ఆ దశ పోటీల్లో వీడియో రిఫరీ లేడు. గోల్ ఇచ్చేశారు. 85వ నిమిషంలో ఇంకొకటి. 1-2. ప్రపంచకప్ దారి మూసుకుపోయింది.

ఇంటికొచ్చేదాకా వాడు మాట్లాడలేదు. గుమ్మంలో బూట్లు విప్పుతూ "సినిమాలో గెలిచారు కదా నాన్నా! నిజంగా ఎందుకు గెలవరు? ఇక నేను వీళ్ళ ఆట చూడను. గెలిచేవాళ్ళదే చూస్తా" అన్నాడు. మా ఆవిడ నా మొహం చూసింది, ఏం చెబుతావో చెప్పు అన్నట్టు. కోప్పడితే పోయేది కాదది. ఇక్కడ పుట్టిన పిల్లలకి ఊరంటే వేసవి సెలవులు, అమ్మమ్మగారిల్లు. దేశమంటే పాస్‌పోర్టు. తొంభై నిమిషాలు గొంతు చించుకుని మన జట్టు అని అరవడం వాడికి దొరికిన కొద్దిపాటి సంబంధాల్లో ఒకటి. అదీ తెగిపోతుందేమోనని నా బెంగ.

పాట నిడివి ఎంత?

మన ఆటల సినిమాలు గుర్తు చేసుకోండి. 'సై'లో రగ్బీ, తమిళం నుంచి వచ్చిన 'విజిల్'లో అమ్మాయిల ఫుట్‌బాల్. చేతకాని జట్టు, ఒక మాస్టారు, మధ్యలో ఒక పాట. పాట మొదట్లో పరిగెత్తలేక రొప్పుతుంటారు, చివరికి పులులైపోతారు. నాలుగు నిమిషాలు! ఈ మాట ఎగతాళికి అనడం లేదు, నాకూ ఆ పాటలు ఇష్టమే. 'జెర్సీ'లో 36 ఏళ్ళ అర్జున్ రైల్వే స్టేషన్‌లో రైలు హోరులో వేసిన కేక ఎన్నిసార్లు చూసినా నాకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది. పదేళ్ళ ఓటమి ఆ ఒక్క కేకలో వినిపిస్తుంది కాబట్టి.

రహీమ్ సాబ్ కథలో ఆ పాట అసలు నిడివి ఎంతో చూద్దాం. ఆయన బడి పంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆయన కోచ్‌గా భారత్‌కి స్వర్ణం. మరుసటి ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10. అవునండీ, పది గోల్స్! మనవాళ్ళలో చాలామంది ఆ చలిలో ఉత్త కాళ్ళతో ఆడారు. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. అప్పుడూ పతకం లేదు. 1962లో జకార్తాకి వెళితే మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2. ఫైనల్లో అదే కొరియా ఎదురొచ్చింది, స్టేడియం నిండా మనల్ని వెక్కిరించే జనం. తలకి కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ని డిఫెన్స్ నుంచి తీసి ముందు వరసలో ఆడించారు రహీమ్. పి.కె.బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2-1. ఆ జట్టులో సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్ కూడా ఉన్నాడు.

పది గోల్స్ తిన్న రోజుకీ పతకం మెడలో పడ్డ రోజుకీ మధ్య పదేళ్ళు. సినిమా దాన్ని మూడు గంటల్లో చూపించింది. చూపించాలి కూడా, అది దాని పని. కానీ ఆ పదేళ్ళూ రేడియోకి చెవులప్పగించి కూర్చున్న అభిమాని ఉన్నాడే, వాడి మీద మాత్రం ఎవరూ సినిమా తీయరు. రహీమ్ క్యాన్సర్‌తో కన్నుమూసింది 1963 జూన్ 11న. మేము అల్ సద్ స్టేడియం నుంచి మొహాలు వేలాడేసుకుని వచ్చింది సరిగ్గా అదే తేదీన. ఆ సంగతి మా అబ్బాయికి చెబితే కాసేపు ఏమీ అనలేదు.

పక్కింటి పాఠం

వాడికి ఇంకో కథ చెప్పడానికి దూరం వెళ్ళక్కర్లేదు. 2022 ప్రపంచకప్ మనందరి కళ్ళముందే జరిగింది కదా. ఖతార్ మొదటి ఆటలో ఈక్వడార్ చేతిలో 0-2తో ఓడింది. ఆతిథ్య దేశం తొలి మ్యాచ్ ఓడడం ప్రపంచకప్‌లో అంతకు ముందెన్నడూ లేదు. ఆట అవకముందే సీట్లు ఖాళీ అయ్యాయి. తర్వాత మా తుమామాలోనే సెనెగల్ చేతిలో 1-3, ఆపైన నెదర్లాండ్స్ చేతిలో 0-2. మిగిలిందల్లా ముంతారీ కొట్టిన ఒకే ఒక్క గోల్. ఊరంతా మరూన్ జెండాలు, ఊరంతా మౌనం.

అదే ఖతార్ 2024 ఫిబ్రవరి 10న లుసైల్‌లో జోర్డాన్‌ని 3-1తో ఓడించి ఆసియా కప్ నిలబెట్టుకుంది. అక్రమ్ అఫీఫ్ మూడు పెనాల్టీలూ గోల్‌లో వేశాడు. ఆ రాత్రి మా వీధిలో కార్ల హారన్లు కరక్ చాయ్ కోసం కాదు! అఫీఫ్ లాంటివాళ్ళు తయారైన యాస్పైర్ అకాడమీ మొదలైంది 2004లో. తొలి ఆసియా కప్ వచ్చింది 2019లో. అంటే వాళ్ళ పాట నిడివి పదిహేనేళ్ళు, అదీ చేతిలో డబ్బుండి.

మన పాట ఇంకా మొదటి చరణంలోనే ఉందేమో. 2027 ఆసియా కప్‌కి మన పురుషుల జట్టు అర్హత కూడా పొందలేకపోయింది. అయితే 2025 జూలైలో మన అమ్మాయిలు థాయిలాండ్‌లో థాయిలాండ్‌నే 2-1తో ఓడించి 2026 మహిళల ఆసియా కప్‌కి చేరారు. జాతీయ జట్టుకి ఆడిన గుగులోత్ సౌమ్యది నిజామాబాద్ జిల్లా. ఈ వార్త చదివి మా అమ్మాయి "మన తెలుగమ్మాయేనా!" అని రెండుసార్లు అడిగింది. అదీ నాకో గోలే.

ఇంతకీ అబ్బాయి సంగతి? 'ఇక చూడను' అన్నవాడు 2025 మార్చిలో షిల్లాంగ్‌లో మాల్దీవులతో ఆట పెడితే వెనక గదిలోంచి మెల్లగా వచ్చి కూర్చున్నాడు. రిటైరైన ఛెత్రీ తిరిగొచ్చి గోల్ కొట్టాడు. 3-0. పదహారు నెలల తర్వాత గెలుపు. "మాల్దీవులే కదా" అని పెదవి విరిచాడు, కానీ టీవీ ముందు నుంచి మాత్రం లేవలేదు.

అందుకే ఈ పత్రిక చదివే అమ్మానాన్నలకు నాదో మనవి. మనవాళ్ళు ఈ దరిదాపుల్లో ఎక్కడ ఆడినా పిల్లల్ని తీసుకెళ్ళండి. గెలుస్తారని ఆశపెట్టి తీసుకెళ్ళొద్దు. ఓడినా చివరి విజిల్ దాకా కూర్చుని, లేచి నిలబడి చప్పట్లు కొట్టి రండి. గెలిచినవాళ్ళ పక్కన నిలబడడం వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. రెండోది నేర్పాల్సింది మనమే.