సముద్రపు నురుగు

తిరుత్తణిలోని నాటుమందుల అంగడిలో "సముద్రపు నురుగు" అని అడిగితే తెల్లని, తేలికైన బిళ్ళను ఇస్తారు. తెలుగు చదువుకున్న నాకు ఆ పేరు ముచ్చటగానే ఉంటుంది. కాని అది నురుగు కాదు, కణవాయి వీపులోని పెంకు. అందులో సన్నని అరలు ఎన్నో ఉంటాయి. వాటిలోని నీటిని, వాయువును హెచ్చించి తగ్గించి కణవాయి నీటిలో తేలుతుంది, మునుగుతుంది. ఇది చేప కాదు, నత్తకు చుట్టం. దీనికి గుండెలు మూడు, నెత్తురు నీలం.

చెన్నై కాసిమేడు రేవుకు వచ్చే కణవాయిలన్నీ ఒకే జాతివి కావు. సెపియా ఫారవోనిస్, సెపియా అక్యులియాటా రెండూ వస్తాయి. రంగును నమ్మలేం. బతికుండగా క్షణంలో మారుతుంది, చచ్చాక వెలిసిపోతుంది. ఎనిమిది చేతులు కాక మరో రెండు పొడవైన స్పర్శకాలుంటాయి. వాటి కొసలు చూడాలి. ఫారవోనిస్‌కు అక్కడి చూషకాల్లో నడిమివి కొన్ని బాగా పెద్దవి. అక్యులియాటాకు అన్నీ చిన్నవే, ఇంచుమించు సమానం.

ఇంత పరీక్ష దేనికంటారా? కణవాయి ఆయుస్సు కొద్దిపాటిది. గుడ్లు పెట్టాక ఆడది ఎక్కువ రోజులు బతకదు. గుడ్లు పెట్టక ముందే వలలో పడితే ఆ సంతతి అంతటితో సరి. రెంటినీ ఒకే పేరుతో లెక్క రాస్తే, ఒక జాతి తగ్గిపోతున్నా రెండోదాని రాశి చాటున అది ఎవరి కంటా పడదు.