సిగరెట్ మానిన నాలుగో రోజు మాట రాలే

పోస్టు జర పెద్దగుంటది. డ్యూటీ దిగినంక చదువుండ్రి.

నేను దుబాయ్‌ల రిగ్గర్‌ను. క్రేన్ ఆపరేటర్‌కు వాకీటాకీల చెప్పుడు నా పని. 18 ఏండ్లు సిగరెట్ తాగిన. 2017ల ఇక్కడ పొగాకు మీద నూటికి నూరు టాక్స్ ఏసినప్పుడు కూర తగ్గించుకున్న గని సిగరెట్ తగ్గించలే. మొన్న రంజాన్ అయినంక మానిన.

నాలుగో రోజు ఇనుప కడ్డీల కట్ట పైకి పోతుంది. గాలికి తిరిగింది. 'రోకో' అనాలె. రోజుకు యాభై సార్లు అనే మాట, నోట్లె లేదు. తెలుగుల 'ఆపు' కూడ యాదికి రాలే. రెండు చేతులు అడ్డంగ సాపి ఊపిన. ఆపరేటర్ నా దిక్కే చూస్తున్నడు గాబట్టి ఆపిండు. కింద ఇద్దరు నేపాలీ పోరగాళ్లున్నరు.

ఆ రాత్రి బిడ్డ "ఏం కూర బాపూ?" అంటే గోకరకాయ పేరు రాలే. "గదే, సన్నగ పొడుగ్గుంటది" అన్న. అది నవ్వింది. నాకు భయమైంది. సిగరెట్ తాగితేనే నా బుర్ర నడుస్తదేమో అనుకొని కిరాణం దాక పోయిన కూడ.

తెల్లారి క్లినిక్‌ల నర్సమ్మ అసలు సంగతి చెప్పింది. మనం తాగుతుంటే మెదడుల నికోటిన్ అంటుకునే జాగలు పెరుగుతయట. ఒంట్లె నికోటిన్ రెండు గంటలకే సగం దిగుతది. జాగలు ఖాళీ అయితే లొల్లి జేస్తయి: ధ్యాస నిలువది, నిద్ర రాదు, కోపమొస్తది. ఒక్కటి తాగంగనే బుర్ర తేటైనట్టు అనిపిచ్చేది గందుకే. అది పెట్టిన మంటను అదే ఆర్పుతది. మొదటి వారం గట్టిగుంటదట, రెండు నుంచి నాలుగు వారాలల్ల చానా మట్టుకు తగ్గుతదట. ఇంకో మాట, పొగ మానితే చాయ్‌ల కెఫీన్ ఒంట్లెకెళ్లి మెల్లగ పోతది. నేనేమో సిగరెట్ బదులు ఆరు కరక్ చాయ్‌లు తాగుతున్న! గుండె దడ, నిద్ర లేకపోవుడు సగం దాని పుణ్యమే. రెండుకు తెచ్చిన.

ఫోర్‌మన్‌కు చెప్పాల్నా వద్దా అని ఒక పూటంత కొట్టుకున్న. పని పోతే ఊర్ల అప్పెట్ల? ఆ పోరగాళ్ల మొఖాలు యాదికొచ్చి చెప్పిన. గులిగిండు గని మూడు వారాలు బెల్టులు, షాకిళ్లు చూసే పనిల పెట్టిండు. ఓవర్‌టైం పోయింది.

ఇప్పుడు రెండు నెల్లాయె. వాకీటాకీ మళ్ల నా చేతికొచ్చింది. పొద్దుగాల బస్సు ఎక్కకముందు బాత్‌రూంల ఒక్కన్నే 'రోకో, నీచే, ధీరే' అనుకుంట. రూంమేట్లు పిచ్చి లేసిందంటున్నరు.