బోల్‌కో

"సాయిబుగారూ, మీరు తెలుగు ఇంత బాగా రాస్తారే!" ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సీనియర్ అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. అనంతపురం గడ్డ మీద పుట్టి, ఇక్కడే బి.ఏ. చదివినోడు తెలుగు రాస్తే వింతేముంది? పోనీ ఉర్దూ మాదే అనుకుందామా అంటే, ఉత్తరాది చుట్టం ఎవరైనా వచ్చి మా అమ్మీ మాట వింటే "ఇదేం ఉర్దూ?" అని నవ్వుతాడు. ఈ బాధ పాతదే, మనవాళ్లు చాలామంది రాశారు. నేను చెప్పబోయేది మొన్నామధ్య ఒక తరగతి గదిలో జరిగింది.

అది తెలుగు, ఉర్దూ మీడియాలు రెండూ ఉన్న సర్కారు బడి. అక్కడి ఉర్దూ టీచరు నా కాలేజీ స్నేహితుని చెల్లెలు. "భాయ్, మీరు పత్రికలో పనిచేస్తారు గదా, ఒక్కరోజు వచ్చి పిల్లలకు కంప్యూటర్లో, ఫోన్లో రాసేది చూపించండి" అంది. 2022 డిసెంబరులో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచినప్పటి నుంచి మా జిల్లా పిల్లలకు కూడా తెరలు కొత్త కాదు. కొత్తగా చూపాల్సిందేమిటా అని ఆలోచించి, మాట్లాడితే తనే రాసే పద్ధతి చూపిద్దామనుకున్నాను. 2017 నుంచి ఫోన్లలో తెలుగుకూ ఉర్దూకూ ఆ సౌకర్యం ఉంది. రెండు సెక్షన్ల పిల్లల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టాం. నా ఫోను గోడ మీది పెద్ద తెరకు కలిపాం.

ఏం మాట్లాడాలి? మా ప్రాంతంలో అడగాలా! ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే చోటు. శనక్కాయ పంట ఎండిందనో, బోరు పడలేదనో మాట్లాడని ఇల్లుండదు. బోరు గురించి చెప్పమన్నాను. ఉర్దూ సెక్షన్ అమ్మాయి ఒకతి లేచి, "మేరీ నానీ బోర్ సూక్‌గయా బోల్‌కో రోరీ థీ" అంది. బోరు ఎండిపోయిందని వాళ్ల అమ్మమ్మ ఏడుస్తా ఉన్నిందట.

తెర మీద ఉర్దూ అక్షరాలు చకచకా పడ్డాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను చదివి ఆగిపోయాను. 'బోల్‌కో' ఉండాల్సిన చోట 'బోల్‌కర్' ఉంది. 'రోరీ థీ' కాస్తా 'రో రహీ థీ' అయింది. ఆ అమ్మాయి మళ్లీ గట్టిగా, ఒత్తి పలికింది. మళ్లీ అదే. మూడోసారి తనే మాట మార్చుకుని, పుస్తకంలో ఉన్నట్టు పలికి కూర్చుంది.

తెలుగు సెక్షన్ పిల్లోడు ఉషారుగా లేచాడు. "బోరు ఎండిపాయెనని మా అవ్వ ఏడుస్తాండె." తెర రాసింది: "బోరు ఎండిపోయిందని మా అవ్వ ఏడుస్తుంది." వాడు తల గోక్కున్నాడు.

అప్పుడు టీచరు ఒక మంచి పని చేసింది. బోర్డు మీద ఆ రెండు వాక్యాలనూ ఒకదాని కింద ఒకటి తెలుగు అక్షరాల్లోనే రాసి, 'ఎండిపాయెనని'లోని 'అని' కింద, 'సూక్‌గయా బోల్‌కో'లోని 'బోల్‌కో' కింద గీత గీసింది. రెండూ ఒకే చోట, ఒకే పని చేస్తున్నాయి. ఢిల్లీ ఉర్దూలో ఈ వాక్యం ఇట్లా నడవదు. తెలుగు 'అని' మా దక్కనీలోకి వచ్చి ఉర్దూ బట్ట కట్టుకుని 'బోల్‌కో' అయింది. తెలుగువాళ్ల పక్కన వందల ఏళ్లు బతికితే భాషకు వచ్చే పోలిక అది. మేము మరాఠీ వాళ్ల నుంచి 'నక్కో' కూడా తెచ్చుకున్నాం. ఇదే దక్కన్ నుంచి వలీ 1700లో ఢిల్లీకి పోతే, అక్కడి కవులు ఆయన గజళ్లు విని ఆ భాషలో రాయడం మొదలుపెట్టారు. ఈ ముక్క నేను చెబితే పిల్లలు పెద్దగా పట్టించుకోలేదు గానీ, 'అని'కీ 'బోల్‌కో'కూ చుట్టరికం చూసి రెండు సెక్షన్లూ గోల గోల చేశాయి.

"పరీక్షలో బోల్‌కో రాస్తే మాత్రం మార్కులు పోతాయి భాయ్" అంది టీచరు మెల్లగా. 2022 మార్చిలో ఉర్దూ రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష అయింది. సంతోషమే. కానీ ఆ అమ్మాయి నానీ ఏడ్చిన ఉర్దూ అందులో ఉందా?

ఇంటికి వస్తూ యంత్రాన్ని తిట్టుకున్నాను. అయితే అది ఎట్లా నేర్చుకుంటుందో కొంచెం తెలిసినవాణ్ని. దానికి గంటల కొద్దీ గొంతులు, వాటి పక్కన రాత, కోట్ల కొద్దీ అచ్చు వాక్యాలు పెడతారు. ఎక్కువసార్లు కనిపించిన మాటనే అది సరైనదనుకుంటుంది. ఆ అచ్చు వాక్యాలు రాసిందెవరు? నాలాంటివాళ్లే. మండలాల నుంచి విలేఖరులు 'యాడ' అని పంపితే 'ఎక్కడ' అని దిద్దాను. 'కరువొచ్చె' అని రైతు అన్నమాటను 'కరవు వచ్చింది' చేశాను. ఇరవై ఏళ్లు చేశాను. నా తెలుగును ఎవరూ వేలెత్తి చూపకూడదని అందరికంటే ఎక్కువ దిద్దాను. సాయిబు తెలుగు బాగుందనిపించుకోవడానికి, ఆ పిల్లోడి 'ఏడుస్తాండె'ను నేనూ ఒక చెయ్యి వేసి చెరిపాను.

టీచరు ఆ తర్వాత పద్ధతి మార్చింది. యంత్రం చేత రాయించడం మానేసి ఉత్త రికార్డింగు చాలంది. పిల్లలు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, వాళ్లు సరేనంటే రెండు మూడు నిమిషాలు గొంతు రికార్డు చేసుకొస్తారు. తరగతిలో తెర పక్కనున్న స్పీకర్లో అందరూ వింటారు. విన్నది విన్నట్టు రాస్తారు, ఉర్దూ పిల్లలు ఉర్దూలో, తెలుగు పిల్లలు తెలుగులో. పుస్తకం మాట పక్క వరసలో రాస్తారు, మార్కులు పోకుండా. గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండుగ గురించి ఒక తెలుగు పిల్లోడి అవ్వ చెప్పిన రికార్డును ఉర్దూ సెక్షన్ వాళ్లు మళ్లీ మళ్లీ పెట్టించుకున్నారట.

నేను కూడా అమ్మీ గొంతు రికార్డు చేద్దామని కూర్చున్నాను. కరువు పనులకు పోయిన రోజుల గురించి చెప్పమన్నాను. ఫోను చూడగానే కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని, టీవీ సీరియల్లో బేగంలాగా మొదలుపెట్టింది. 'మేరేకు' అనే మనిషి 'ముఝే' అంటోంది. రెండు నిమిషాలకే మాటలు వెతుక్కుని ఆగిపోయింది.

ఫోను ఆపి పక్కన పెట్టాను.

"బంద్ కరే క్యా?" అంది.

"హౌ అమ్మీ."

అప్పుడు కాళ్లు చాపుకుని, వక్కలాకు తీసుకుని, ఆ రోజుల గురించి చెప్పడం మొదలుపెట్టింది.