ఏ వెలుతురుల చూసి కలిపిన్రు ఆ రంగు?



పాఠ్యపుస్తకాల ముచ్చట పోయినసారి సగంల ఆపిన. అది వచ్చే వారం రాస్త. ఈ వారం ఒక ట్యూబ్‌లైట్ ముచ్చట. నవ్వకుండ్రి, ఆఖరి దాక చదువుండ్రి.

రెండేండ్ల నుంచి నాకో పిచ్చి పట్టుకున్నది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తోని జానెడు అంబేద్కర్ బొమ్మలు పోసి, రంగులేసి, మా కాలేజీ పిల్లలకు ఇస్త. కరీంనగర్‌ల మేముండే కిరాయి ఇంటి వెనుక అర్రల ఒక పాత కూలర్ పడి ఉండె. వెనుక గడ్డి జాలీ పీకేసిన, పక్క జాలీలకు అట్టలు కొట్టిన, ఫ్యాన్ మూతిని కిటికీ దిక్కు తిప్పిన. వెనుక నుంచి బొమ్మ లోపల పెట్టి రంగు కొడితే, ఆ తుంపర అంత ఫ్యాన్ బయటికి నూకేస్తది. అదే నా స్ప్రే బూత్. వెలుతురుకు ఇంట్ల తీసేసిన పసుపు బల్బు ఒకటి పైన వేలాడదీసిన.

జనవరిల ఒక రాత్రి ఐదు బొమ్మలకు రంగేసిన. మస్తుగ వచ్చినయ్ అనుకున్న. తెల్లారి క్లాసుకు తీస్కపోతే సెకండియర్ అమ్మాయి ఒకామె బొమ్మను కిటికీ దిక్కు తిప్పి చూసింది.

"సార్, మన బాబాసాహెబ్ గింత తెల్లగున్నడేంది? సినిమా హీరో లెక్క."

అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన. కానీ కిటికీ కాడ చూస్తే ఆమె చెప్పింది నిజమే. మొఖం పాలిపోయి ఉన్నది. నీలం కోటు ఆకాశం రంగుకు వచ్చింది.

ఎందుకైందో ఆలోచించిన. పసుపు బల్బు వెలుతురుల నీలం భాగం తక్కువ, ఎరుపు పసుపులు ఎక్కువ. దాని కింద నీలం మబ్బుగ కనబడ్డది, తెలుపు కలిపిన. గోధుమ రంగు మరీ ఎర్రగ కనబడ్డది, దానికీ తెలుపే కలిపిన. ఇది బల్బు తప్పు. కానీ సగమే. మిగతా సగం నాది. "మొఖంల కొంచెం కళ రావాలె" అనుకున్న మాట నాకు యాదికున్నది. కళ అనంగనే నా చెయ్యి తెలుపు సీసా దిక్కే ఎందుకు పోయింది? దళిత సాహిత్యం పాఠం చెప్పే చెయ్యే కదా అది!

ఇగ లైట్ల గురించి చదువుడు మొదలువెట్టిన. బల్బు డబ్బా మీద కెల్విన్ అంకె ఉంటది. 2700 అంటే పసుపు, 6500 అంటే తెల్లటి పగటి వెలుతురు. కానీ తెల్లగ ఉంటే చాలదు. సీఆర్ఐ అని ఇంకో అంకె ఉంటది, వంద దానికి గరిష్ఠం. రంగులు ఉన్నవి ఉన్నట్టు కనబడుతయా లేదా అన్నది అది చెప్తది. ఇండ్లల్ల వేసే మామూలు ఎల్ఈడీలకు 80 చుట్టుపక్కల ఉంటది. రంగుల పనికి 90 దాటాలె.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఆ అంకె ఎనిమిది రంగు నమూనాల సగటు. ఎనిమిదీ లేత రంగులే. చిక్కటి ఎరుపు తొమ్మిదో నమూనా, అది సగటుల లెక్కకు రాదు. మన ఒంటి రంగుల ఆ ఎరుపే ముఖ్యం. ఇంకా కింద పదమూడో నమూనా మనిషి చర్మం. ఏ చర్మం? లేత గులాబీ పసుపు చర్మం, తెల్లోల్లది. తర్వాత జపాన్ వాళ్ళు తమ చర్మం రంగును పదిహేనోదిగ చేర్పించుకున్నరు. కొడాక్ ఫిలింల కాలంల గూడ గిట్లనే. ఫోటో రంగులు సరిచూసే 'షర్లీ కార్డు' మీద ఏండ్ల తరబడి తెల్ల అమ్మాయే ఉండె. కొలబద్దలనే ఎవరి చర్మం లేదో, వాళ్ళు ఫోటోల మబ్బుగ కనబడుతరు. మబ్బుగున్నది ఫోటో అనరు, మనిషినే అంటరు.

మా బాపు యాదికొచ్చిండు. మంచిర్యాల దిక్కు మా ఊర్ల వాడ సిమెంటు విగ్రహానికి ఏటా ఏప్రిల్ 14 ముందు ఆయనే రంగేస్తుండె. కరెంటు స్తంభాల లైట్లు పెద్ద బజారు కాడనే ఆగుతుండె, మా వాడ దాక రాకపోతుండె. అందుకే పొద్దుగూకినంక బాపు రంగు డబ్బా ముట్టకపోతుండె. మనకు తెలిసిన బాబాసాహెబ్ ఫోటోలు దాదాపు అన్నీ నలుపు తెలుపువే. మరి మొఖానికి ఏ రంగు కలపాలె అని ఒకసారి అడిగిన.

"చెయ్యి పక్కన వెట్టి చూసుకో బిడ్డా" అన్నడు.

నిర్మల్‌ల పొనికి కర్ర బొమ్మలకు రంగేసే ఒక పెద్దాయనను అడిగితే ఆయన గూడ గట్లనే చెప్పిండు: పగటి వెలుతురుల కలిపిన రంగే రంగు.

నాకు పగలు కాలేజీ, రాత్రే తీరిక. అందుకే సీఆర్ఐ 95, 5000 కెల్విన్ ఎల్ఈడీ పట్టీలు రెండు తెచ్చిన. చిక్కటి ఎరుపు విలువ గూడ రాసి ఉన్నదే ఏరుకున్న. ఎడమ ఒకటి, కుడి ఒకటి, బొమ్మకు ముందు పైనుంచి ఏటవాలుగ పెట్టిన. వెనుక పెడితే మొఖం మీద నీడ పడ్తది. నడుమ పాలరంగు యాక్రిలిక్ షీటు అడ్డం పెట్టిన, మెరుపు కండ్లల్ల కొట్టకుండ. నేను వాడేది నీళ్ళ రంగే. డ్యూకో, థిన్నర్ వాడే తమ్ముళ్ళు మాత్రం పైలం. ఆ ఆవిరికి నిప్పురవ్వ తగిలితే మండుతది. లైటు, స్విచ్చు డబ్బా బయటనే ఉండాలె, వెలుతురు అద్దంల నుంచి రావాలె. నా కూలర్ ఫ్యాన్ లాంటి మామూలు మోటరు ఆ పనికి అస్సలు పనికిరాదు.

మొన్న రాత్రి ఆ ఐదు బొమ్మలకు మళ్ళ రంగేసిన. తెలుపు సీసా మూత తియ్యలే. పక్కన నా చెయ్యి పెట్టి చూసుకున్న. తెల్లారి ఆ అమ్మాయికి ఇస్తే కిటికీ కాడికి పోయి చూసింది, మళ్ళ తన చెయ్యి చూసుకున్నది. ఏమనలే. బొమ్మను బ్యాగుల పెట్టుకున్నది.

ఏప్రిల్ 14 వస్తున్నది. మీ వాడల విగ్రహానికి రంగేసే ముందు పగటి పూట కలపుండ్రి. తెలుపు పొయ్యబోయే ముందు ఒక్కసారి చెయ్యి పక్కన వెట్టి చూసుకోండ్రి.

జై భీమ్.