తప్పు మావాడిది కాదు, నాది

మొన్న వరికోతల్లో నాకు జరిగింది చెప్తాను. నా ఖర్చుతో మీరన్నా నేర్చుకోండి.

కోత మిషను వెళ్ళాక గడ్డి కట్టలు కట్టే బేలర్ తగిలించి మా పెద్దోడు ట్రాక్టర్ తోలుతున్నాడు. వాన కబురు ఉంది. గేదెలకి ఏడాది మేత ఆ గడ్డే. గంట తిరక్కుండా వేడి ముల్లు ఎర్ర గీత మీదకి పోయింది. ఆపి, చల్లారాక నీళ్ళు పోసి మళ్ళీ తోలాడు. మళ్ళీ అంతే. "నీళ్ళు చూసుకోకుండా ఎక్కుతావా" అని నలుగురిలో వాణ్ణి తిట్టాను. "చూశాను నాన్నా" అన్నాడు. నేను వినలేదు. ఇంకో రెండు మళ్ళే కదా అని నేనే ఎక్కాను. తెల్లపొగ వచ్చి ఆగిపోయింది. హెడ్ గాస్కెట్ పోయింది.

మెకానిక్ వచ్చి రేడియేటర్ వెనక లైటు పెట్టి, ముందునుంచి చూడమన్నాడు. జాలీ బాగుంటే వెలుతురు చుక్కలు చుక్కలుగా కనపడాలి. మాదాంట్లో సగం పైన చీకటే. కొంత గడ్డి నుసి, మిగతాదంతా రేకులు వంగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. "ప్రెషర్ గన్‌తో దగ్గరగా కడిగారా బాబాయ్?" అన్నాడు. కడిగింది నేనే. జానెడు దూరంలో, ఏటవాలుగా కొట్టాను.

అప్పుడు కూర్చోబెట్టి చెప్పాడు. ఇంజిన్ వేడిని నీళ్ళు మోసుకొచ్చి గొట్టాల్లోకి తెస్తాయి. దాన్ని తీసుకోవాల్సింది గాలి. ఒక లీటరు నీళ్ళు ఒక డిగ్రీ చల్లబడితే వచ్చే వేడిని మోయడానికి, గాలి కూడా ఒక డిగ్రీయే వేడెక్కేట్టయితే, సుమారు 3,500 లీటర్ల గాలి కావాలి. పైగా గాలి వేడిని తొందరగా అందుకోదు. అందుకే గొట్టాలకి పల్చటి రేకులు అతికించి, గాలికి తగిలే జాగా పెంచుతారు. అన్నం ముద్దగా ఉంటే వేడి చావదు, పళ్ళెంలో పరిస్తే చల్లారుతుంది. అంతే సంగతి.

అలాగని రేకులు ఎంత దగ్గరైతే అంత మంచిదనుకోకండి. మరీ దగ్గరైతే ఫ్యాను గాలి లాగలేదు, పైగా నుసి తొందరగా పట్టేస్తుంది. గడ్డి పని చేసే బండికి జాలీ మార్పించేటప్పుడు కంపెనీ వాళ్ళు ఇచ్చిన లెక్క దాటి రేకులు పెంచొద్దు. ఫ్యాను చుట్టూ ఉండే డొప్ప విరిగినా నష్టమే. చల్లగాలి బదులు పక్కనున్న వేడిగాలినే ఫ్యాను మళ్ళీ లాక్కుంటుంది.

ఇప్పుడు నేను చేస్తున్నది ఇది. గడ్డి పని ఉన్న రోజుల్లో పూటకోసారి బండి ఆపి ముందు జాలీ దులుపుతాను. సాయంత్రం ఇంజిన్ చల్లారాక, ఇంజిన్ వైపునుంచి బయటికి, అంటే గాలి లోపలికి వచ్చే దారికి ఎదురుగా, తక్కువ ఒత్తిడితో గాలి కొడతాను. గొట్టాం తిన్నగా పెడతాను, ఏటవాలుగా పెట్టను. ఆయిల్ కారిన చోట దుమ్ము ముద్దకడుతుంది కాబట్టి ముందు ఆ లీకు ఆపిస్తాను. ఉప్పు నీళ్ళు పోయను, గొట్టాల లోపల చవుడు గట్టుతుంది. కూలెంటే పోస్తున్నా. వేడిమీద మూత మాత్రం తియ్యకండి, మరిగే నీళ్ళు మొహాన కొడతాయి.

రిపేరుకి 18 వేలు అయింది. సగం గడ్డి వానలో తడిసి నల్లబడింది. కొన్నది కొన్నాం, పోయింది పోయింది. కానీ నలుగురిలో తిట్టిన మాట వెనక్కి తీసుకోవాలి కదా. అందుకే ఆ నలుగురూ చూసే ఈ పేజీలోనే రాస్తున్నా. తప్పు మావాడిది కాదు, నాది.

రేపు పొద్దున్నే మీ బండి రేడియేటర్ వెనక ఒక లైటు పెట్టి చూడండి. ఏం కనపడిందో కింద రాయండి.